ఫిజీ తెలుగువారిని అతిథుల వరుసలో కూర్చోబెట్టకండి: తెలుగు సంఘాల కార్యవర్గాలకు బహిరంగ లేఖ

న్యూజీలాండ్, ఆస్ట్రేలియాల్లోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారాలు.

నేను చిత్తూరు జిల్లాలో పుట్టి, చదువు కోసం ఆక్లండ్ వచ్చి, ఇక్కడే స్థిరపడిన ఫిజీ తెలుగువారి (చెరకు తోటల కూలీలుగా ఫిజీ దీవులకు వెళ్లిన తెలుగువారి సంతతి) ఇంటికి కోడలినయ్యాను. మొన్నటి ఉగాది వేడుకలకు మా అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్లినప్పుడు జరిగిన ఒక చిన్న సంగతి నాతో ఈ లేఖ రాయిస్తోంది. అది ఏ ఊళ్లో ఏ సంఘం జరిపిన వేడుకో చెప్పను, ఎందుకంటే ఆ మాట అన్న కుర్రవాడు మర్యాదస్తుడే, పైగా ఆ మాట మన సంఘాల్లో ఎక్కడైనా వినిపించేదే. ప్రవేశద్వారం దగ్గర సభ్యత్వ పత్రాలు నింపుతున్న ఆ అబ్బాయి మా అత్తగారిని "మీది ఆంధ్రానా, తెలంగాణానా ఆంటీ?" అని అడిగాడు. ఆవిడ తనకు బాగా వచ్చిన ఫిజీ హిందీలో, తాము ఫిజీ తెలుగువాళ్లమని చెప్పారు. "ఫిజీ ఇండియన్లకు వేరే సంఘం ఉంది కదా ఆంటీ, మీరు ఇవాళ గెస్టుగా కూర్చోండి" అన్నాడతను. ఆవిడ కూర్చున్నారు. పచ్చడి తిన్నారు, పంచాంగ శ్రవణం విన్నారు, ఇంటికి వచ్చాక నాతో ఒకే ఒక్క మాట అన్నారు: "అక్కడ నన్ను ఇండియన్ అని వెళ్లగొట్టారు, ఇక్కడ ఇండియన్ కాదని పక్కన పెట్టారు."

ఆ మాటలోని మొదటి సగం, అంటే ఫిజీలో జరిగిన చరిత్ర, అందరికీ కొంతైనా తెలుసు. రెండో సగం మాత్రం మన చేతిలో ఉన్నది, అందుకే మీకు రాస్తున్నాను.

ముందు ఆ పత్రం సంగతి చెప్పాలి. అందులో రాష్ట్రం కోసం రెండు గడులు, జిల్లా కోసం ఒక గీత, స్వగ్రామం కోసం మరో గీత ఉన్నాయి. మా అత్తగారి అవ్వ పేరిట 1908లో రాసిన ఎమిగ్రేషన్ పాసు నకలు మా ఇంట్లో ఉంది. అందులో జిల్లా పేరున్న చోట "నార్త్ ఆర్కాట్" అని, తాలూకా పేరున్న చోట "చిత్తూరు" అని ఉంది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. ఆంధ్ర రాష్ట్రం 1953లో, ఆంధ్రప్రదేశ్ 1956లో, తెలంగాణ 2014లో వచ్చాయి. ఆవిడ ఓడ ఎక్కిన నాటికి మీ పత్రంలోని రెండు గడులూ లేవు. ఉన్నది మద్రాసు ప్రెసిడెన్సీ ఒక్కటే. ఈ పాసు సంగతి మా సంఘంలోని ఒక పెద్దాయనకు చెబితే "నార్త్ ఆర్కాట్ అంటే తమిళులై ఉంటారమ్మా" అన్నారు. చిత్తూరు పిల్లనైన నాకు ఆ మాట ఎంత కష్టం కలిగించిందో వేరే చెప్పనక్కర్లేదు. ఆయన లెక్కన మా పుట్టింటి ముత్తాతలూ తమిళులే కావాలి.

ఒప్పంద కూలీల వలస అయిన గిరిమిట్ కథ మనవాళ్లలో చాలామందికి ఉత్తరాది కథగానే తెలుసు. 1879 మే 14న లియోనిడాస్ అనే ఓడ కలకత్తా నుంచి తొలి కూలీలతో ఫిజీ చేరింది. 1916లో ఆఖరి ఓడ వచ్చేదాకా సుమారు 60 వేల మంది ఆ దీవులకు వెళ్లారు. వారిలో నాలుగో వంతు, అంటే సుమారు 15 వేల మంది, 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కినవారు. ఉత్తర ఆర్కాటు, మద్రాసు, తంజావూరు, కోయంబత్తూరు, మలబారులతో పాటు కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల నుంచీ వెళ్లారు. "అగ్రిమెంట్" అన్న మాట వారి నోళ్లలో "గిరిమిట్" అయింది. ఐదేళ్లు చెరకు తోటల్లో పని చేయాలి, ఇంకో ఐదేళ్లు అక్కడే ఉంటే తిరుగు ప్రయాణం ఉచితం అన్నది ఆ ఒప్పందం. తోటలు, మిల్లులు చాలావరకు ఆస్ట్రేలియాకు చెందిన సీఎస్సార్ చక్కెర కంపెనీవి. ఈ వివరం సిడ్నీ, బ్రిస్బేన్‌లలోని సంఘాలవారు ప్రత్యేకంగా గమనించాలని కోరుతున్నాను, ఎందుకంటే ఆస్ట్రేలియాతో తెలుగువారి సంబంధం సాఫ్ట్‌వేర్ వీసాలతో మొదలైందని మన ప్రత్యేక సంచికలు రాస్తుంటాయి. సిడ్నీలో కార్యాలయమున్న కంపెనీకి చెరకు నరికిన తెలుగు చేతులు అంతకు తొంభై ఏళ్ల ముందువి.

ఉత్తరాది వారు ఎక్కువమంది ఉన్న చోట దక్షిణాది వారందరూ "మదరాజీ"లయ్యారు. తెలుగు, తమిళం, మలయాళం అన్న తేడా కూలీల మేస్త్రీ అయిన సర్దారుకు పట్టలేదు. తోటలో, బజారులో, ఆ తర్వాత బడిలో నడిచింది ఫిజీ హిందీ. అయినా వారు ఊరుకోలేదు. 1926లో సాధు కుప్పుస్వామి పూనికతో దక్షిణాది వారందరికీ కలిపి తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగం ఏర్పడింది. అందులో తమిళానికే పెద్దపీట దక్కుతోందని భావించిన తెలుగువారు 1941లో విడిగా దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. ఆ తేదీ మీద ఒక్క క్షణం ఆగవలసిందిగా నా మనవి. ఆంధ్ర రాష్ట్రం ఇంకా పన్నెండేళ్ల దూరంలో ఉన్నప్పుడు, పసిఫిక్ మహాసముద్రం నడుమ, తల్లిదండ్రులో తామో కూలీలుగా వచ్చిన మనుషులు "ఆంధ్ర" అన్న పేరుతో సంస్థ కట్టుకుని తమ పిల్లలకు తెలుగు చెప్పించాలని తాపత్రయపడ్డారు. ఇవాళ మన సంఘం పత్రంలో వారి మనవరాలికి గడి లేదు.

భాష పోయిన మాట నిజమే. మా అత్తగారికి తెలుగు అర్థమవుతుంది, రెండు మూడు పాటలు వచ్చు, వంటింటి మాటలు, తిట్లు, బంధుత్వాల పిలుపులు వచ్చు. వాక్యం కూర్చడం రాదు. మా వారికి అదీ లేదు. కాని నేను ఆ ఇంట్లో అడుగుపెట్టిన తొలి ఏడాది పెరటాసి నెలలో (సెప్టెంబరు-అక్టోబరు) జరిగినది ఇప్పటికీ మరచిపోలేను. శనివారం నాడు ఆవిడ తలంటుకుని, గుమ్మానికి నామాలు దిద్ది, ఆకు పరిచి, అన్నంతో తళిగ (వేంకటేశ్వరస్వామికి నైవేద్యం) వేసి, పిల్లల చేత "గోవిందా" అనిపించారు. మా అవ్వ పలమనేరులో చేసినది అదే, అదే వరుసలో. మా అమ్మ పట్నం కాపురంలో మానేసినది, నేను ఆక్లండ్‌లో ఎన్నడూ తలపెట్టనిది, నాలుగు తరాల కిందట చిత్తూరు తాలూకా నుంచి బయలుదేరి రెండు సముద్రాలు దాటి నా ముందుకు వచ్చింది. ఎవరు ఎవరికి తెలుగుతనం నేర్పాలో ఆ రోజు నాకు సందేహం కలిగింది. (ఆ తళిగ పక్కనే కొబ్బరిపాలలో ఉడికించిన చేమాకు కూర ఉండేది. దాన్ని వాళ్లు రోరో అనే ఫిజీ పేరుతోనే పిలుస్తారు. వేంకటేశ్వరస్వామి ఎన్నడూ అభ్యంతరం చెప్పినట్లు లేదు.)

ఇంటిపేరు గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మన వేదికల మీద పరిచయాలన్నీ దానితోనే మొదలవుతాయి. ఎమిగ్రేషన్ పాసులో కూలీ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు రాసేవారు. ఇంటిపేరుకు చోటు లేదు. గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లీషులో రాసిన ఒక్క పేరే తర్వాతి తరాలకు మిగిలింది. ఒకరి తాత పేరు మనవల ఇంటిపేరైంది, మరొకరికి కులం పేరు ఇంటిపేరైంది. "మీ ఇంటిపేరేమిటండీ?" అన్న ప్రశ్న మనకు పలకరింపు. వాళ్లకు మాత్రం అది నూరేళ్ల కిందట మద్రాసు డిపోలో పోయిన వస్తువును ఇప్పుడు చూపించమనడం. గుళ్లో గోత్రం అడిగినప్పుడు మా వారు నా వంక చూస్తారు. పేరులోని చివరి ముక్కను బట్టి మనిషిని ఒక వర్గంలో కూర్చోబెట్టే అలవాటు మన సంఘాల్లో ఎంతగా పాతుకుపోయిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ అలవాటుకు అందని మనుషులు ఎదురైనప్పుడు మనకు కలిగే ఇబ్బందిని వారి లోపంగా లెక్కకట్టకూడదని మాత్రమే అంటున్నాను.

ఇక రెండో వలస. 1986 జనగణన నాటికి ఫిజీలో భారతీయ సంతతి వారు దాదాపు 49 శాతం. 1987 మే 14న, లియోనిడాస్ వచ్చిన రోజుకు సరిగ్గా 108 ఏళ్లకు, లెఫ్టినెంట్ కర్నల్ సితివేని రబుక సైనికులతో పార్లమెంటులోకి ప్రవేశించి, భారతీయ సంతతి వారికి చెప్పుకోదగ్గ స్థానమున్న ప్రభుత్వాన్ని కూలదోశారు. సెప్టెంబరులో రెండో తిరుగుబాటు జరిగింది. 2000 మే 19న జార్జి స్పైట్ మనుషులు ప్రధానమంత్రి మహేంద్ర చౌదరిని, ఆయన సహచరులను పార్లమెంటులో 56 రోజులు బంధించారు. ఈ రెంటికీ నడుమ, 1997 నుంచి, ముప్పై ఏళ్ల భూమి కౌళ్ల గడువు ఒక్కొక్కటిగా తీరడం మొదలైంది. చెరకు వేసిన నేల రైతుది కాదు, కౌలు పొడిగించకపోతే కట్టుకున్న ఇల్లు కూడా వదలాలి. వేల కుటుంబాలు బా, లౌతొకా, రాకిరాకి, లబాసా ప్రాంతాల నుంచి ముందు సువాకు, అక్కడి నుంచి ఆక్లండ్, సిడ్నీ, వాంకూవర్, శాక్రమెంటోలకు కదిలాయి. 2007 నాటికి వారి వాటా 37.5 శాతానికి పడిపోయింది. మా అత్తగారు 1988లో ఏడేళ్ల కొడుకుతో, రెండు పెట్టెలతో ఆక్లండ్‌లో దిగారు. పంపకాల్లో అత్తగారికి వచ్చిన ఇత్తడి చెంబు ఒక పెట్టెలో ఉండేదట, బరువు ఎక్కువైందని విమానాశ్రయంలో తీసి చెల్లెలికి ఇచ్చారట; ఆ చెంబు సంగతి ఇప్పటికీ ఎత్తుతారు.

వలస మీద వలస పోయిన వారి జాతి గుర్తింపు మనం ఊహించుకునేంత సూటిగా ఉండదు. మొదటిసారి వెళ్లినవాడికి విడిచిన ఊరు ఒకటే. రెండోసారి వెళ్లినవారు బెంగపడేది తాతల ఊరి కోసం కాదు, తాము పుట్టిన ఊరి కోసం. మా అత్తగారి కలలో వచ్చేది చిత్తూరు కాదు, బా నది. ఆవిడకు భారతదేశం రామాయణంలోనిది, సినిమాల్లోనిది. ఫిజీలో ఉన్నంతకాలం ప్రభుత్వ పత్రాల మీద ఆవిడ "ఇండియన్". "ఫిజియన్" అన్న మాట అక్కడి మూలవాసులకే చెల్లేది. దేశ పౌరులందరికీ ఆ పేరు దక్కింది 2010లో, అప్పటికి ఆవిడ వచ్చేసి ఇరవై రెండేళ్లు. ఇక్కడికి వచ్చాక పొరుగువారు "ఫిజీ వాళ్లు" అన్నారు. న్యూజీలాండ్ గణాంక శాఖ వర్గీకరణలో "ఫిజియన్" పసిఫిక్ జనుల కింద ఉంటే, "ఫిజియన్ ఇండియన్" ఆసియా వారిలో ఇండియన్ల కింద ఉంటుంది. అదే దేశం పసిఫిక్ దేశాల పౌరులకు ఇచ్చే నివాస వీసాల లాటరీలో ఫిజీ పౌరులుగా వీరికీ అర్హత ఉంది. అంటే వీసా కోసం పసిఫిక్ వారు, లెక్క కోసం ఆసియా వారు. ఆ వర్గీకరణను మార్చాలని వారిలో కొందరు కోరుతున్నారు, మరికొందరికి అది పట్టదు. అది ప్రభుత్వంతో వారు తేల్చుకోవలసిన విషయం. కాని ప్రభుత్వం వారిని "ఇండియన్" గడిలో పెడుతుంటే, ఆ గడిలో ముందే కూర్చున్న మనం "మీరు మాలో వారు కాదు" అంటున్నాం. ఈ ముక్క మాత్రం మనకే చెందుతుంది.

మీరు చెప్పగల సమాధానాలు నాకు తెలుసు, వాటిలో నిజం లేదని అనను. సంఘాల ఉద్దేశం తెలుగు భాషను నిలబెట్టడం, భాష రాని వారిని చేర్చుకుంటే కార్యక్రమం ఏ భాషలో నడపాలన్న ప్రశ్న వస్తుంది. వారికి తమ సంగాలు, రామాయణ మండళ్లు ఉన్నాయి, వారే మన దగ్గరకు రావడం లేదు. ఫిజీ వారిలో కొందరు ఇండియా నుంచి కొత్తగా వచ్చిన వారిని చిన్నచూపు చూస్తారన్నది కూడా నిజమే. మా ఆడపడుచు పెళ్లిలో "ఇండియా వాళ్లకు బేరమాడడం తప్ప ఏమీ రాదు" అన్న మాట నా చెవిన పడింది. ఇద్దరి మధ్యా దూరం ఇద్దరూ పెంచినదే. కాని మన పిల్లల తెలుగు ఏపాటిదో కూడా మనం చూసుకోవాలి. ఉగాది వేదిక మీద ఇంగ్లీషు లిపిలో రాసుకున్న పద్యాన్ని చదివే పిల్లవాడికి సభ్యత్వం పుట్టుకతో వస్తుంది, ఎవరూ పరీక్ష పెట్టరు. భాషే కొలత అయితే అందరికీ కొలత కావాలి, పుట్టుకే కొలత అయితే మా అత్తగారికీ వర్తించాలి.

ఇది మనకు కొత్త జబ్బు కాదు. బర్మా నుంచి యుద్ధకాలంలో కాలినడకన, ఆ తర్వాత 1960లలో ఓడల్లో తిరిగివచ్చిన తెలుగువారిని మనం సొంత గడ్డ మీదే "బర్మావాళ్లు" అన్నాం. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అన్న పేరు ఇంకా ఉంది. అయితే మనకు ఇంతకన్నా మంచి జ్ఞాపకం కూడా ఒకటి ఉంది. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాక, రెండోవి 1981లో కౌలాలంపూర్‌లో, మూడోవి 1990లో మారిషస్‌లో జరిపారు. అంటే విదేశాల్లోని తెలుగువారనగానే తోట కూలీల సంతతి గుర్తుకు వచ్చిన కాలం ఒకటి ఉండేది. ఆ తర్వాత డాలరు వచ్చి ఆ జ్ఞాపకాన్ని కప్పేసింది.

మరో మాట. మన సంఘాల్లోని కుటుంబాల్లో ఎన్ని ఆక్లండ్‌లో పౌరసత్వం తీసుకుని బ్రిస్బేన్‌కో మెల్‌బోర్న్‌కో మారుతున్నాయో మీ సభ్యత్వ జాబితాలే చెబుతాయి. అక్కడ "మీది ఎక్కడ?" అంటే ఆ పిల్లలు "మేం కివీలం" అంటున్నారు, హైదరాబాదు అనడం లేదు. గల్ఫ్‌లో పుట్టి కెనడా చేరిన పిల్లలదీ అదే వరస. రెండో వలసలో మనిషి చెప్పుకునే ఊరు తాతలది కాదు, తన చిన్నతనానిది. అలా చెప్పినందుకు మన పిల్లలు తెలుగువారు కాకుండా పోతారని మీలో ఎవరూ అనరు. ఆ వెసులుబాటే ఫిజీ వారికీ ఇవ్వండి. "మేం ఫిజీ వాళ్లం" అన్న మాట తెలుగుతనాన్ని కాదనడం కాదు; నగోనా (ఫిజీవారి కవా పానీయం) తాగి, రగ్బీ చూసి, పెరటాసిలో ఒక్కపొద్దు ఉండే మనిషికి ఈ మూడూ కలిపే ఒక ఇల్లు.

నేను కోరేవి పెద్దవి కావు. సభ్యత్వ పత్రంలో రాష్ట్రం గడి తీసేసి "మీ కుటుంబం ఎక్కడెక్కడి నుంచి వచ్చింది?" అని ఒక గీత పెట్టండి, ఫిజీ, మారిషస్, దక్షిణాఫ్రికా, మలేసియా అన్నీ అందులో రాయవచ్చు. నియమావళిలో "తెలుగు మాట్లాడేవారు" అని ఉన్న చోట "తెలుగు మాట్లాడేవారు లేదా తెలుగు సంతతి వారు" అని చేర్చడానికి సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం చాలు. పిల్లల తెలుగు బడితో పాటు, హిందీ తెలిసిన పెద్దల కోసం అక్షరాల దగ్గర నుంచి మొదలుపెట్టే తరగతి ఒకటి నడపండి. మొదటి రోజు కనీసం అరడజను మందిని నేనే తీసుకువస్తాను. ఉగాది వేదిక మీద వారి చేత "ఫిజీ నృత్యం" ఒకటి ఆడించి శాలువా కప్పి పంపకండి. వేదిక వేసే కమిటీలో చోటివ్వండి. మే 14 కూడా గుర్తుంచుకోండి. 2023లో రబుక, ప్రధానమంత్రి హోదాలో, 1987 తిరుగుబాటుకు ఆ తేదీనే క్షమాపణ చెప్పారు, ఆ ఏటి నుంచే ఫిజీలో గిరిమిట్ దినానికి సెలవు ఇస్తున్నారు. మా అత్తగారు ఆ క్షమాపణను ఫోనులో విని, ఏమీ అనకుండా వెళ్లి తోటలో వంగ మొక్కలకు నీళ్లు పట్టారు. తిరుగుబాటు చేసినవాడే చెప్పగలిగిన మాట ముందు, మన పత్రంలో ఒక గడి మార్చడం ఎంత పని?

చివరిగా ఒక సహాయం అడుగుతున్నాను. ఎమిగ్రేషన్ పాసుల నకళ్లు సువాలోని జాతీయ పురాలేఖాగారంలో దొరుకుతాయి. ఫిజీ కుటుంబాలు చాలా వాటిని తెప్పించుకున్నాయి, కాని ఇంగ్లీషు గుమాస్తాల చేతిరాతలో వంకర్లు పోయిన మన ఊళ్ల పేర్లను వారు పోల్చుకోలేరు. కృష్ణా, గోదావరి, విశాఖ, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చినవారు మీ సభ్యుల్లో వందల మంది ఉన్నారు. నెలకు ఒక ఆదివారం రెండు గంటలు కూర్చుంటే ఎన్నో ఊళ్ల పేర్లు తేలుతాయి. మా పాసులో ఊరి పేరు "కలూర్" అనో "గొలూర్" అనో ఉంది, చివరి అక్షరం మీద సిరా మరక పడింది. నాకు తెలిసిన కల్లూరు ఒకటి ఉంది, అది ఆ రోజుల్లో చిత్తూరు తాలూకాలో ఉండేదో లేదో చెప్పగలిగిన పెద్దలు మీ సంఘంలో ఎవరైనా ఉంటే దయచేసి నాకు కబురు చేయండి. మా అత్తగారికి వచ్చే పెరటాసికి అరవై ఎనిమిది నిండుతాయి.

భవదీయురాలు,
మీ సంఘాల్లో ఒకదాని సభ్యురాలు, ఫిజీ తెలుగువారి కోడలు
ఆక్లండ్